మా ఊరి చెత్త కొల్లేట్లోకి పోతోంది. మున్సిపాలిటీని ఎవరు అడగాలి, ఎలా అడగాలి?

పెరటి_చెట్టు | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. కొల్లేటికి ఎగువన ఒక చిన్న మున్సిపాలిటీ మాది. ఊరి పేరు రాయడం లేదు. ఎవరినో నలుగురిలో నిలబెట్టాలని కాదు, పని జరగాలన్నదే నా బాధ.

నేను హైస్కూల్లో సైన్సు టీచర్ని. మా బడి వెనక మేజర్ డ్రైన్, అంటే పెద్ద మురుగు కాలవ ఉంది. దాని గట్టు మీద ఇరవై ఏళ్ళుగా ఊరి చెత్తంతా పోస్తున్నారు. మొదట్లో ఒక మూల చిన్న కుప్ప ఉండేది. ఇప్పుడు గట్టే కనపడదు. వాన పడిందంటే ఆ గుట్ట అంచు జారి డ్రైన్లో పడుతుంది. డ్రైన్ నేరుగా కొల్లేట్లో కలుస్తుంది. మార్చి వచ్చిందంటే రాత్రిళ్ళు గుట్ట అంటుకుంటుంది. తెల్లారి బడికి వెళ్తే పొగ ఇంకా లేస్తూనే ఉంటుంది. ఎండాకాలంలో కిటికీలు మూసుకుని పాఠం చెప్పాల్సి వస్తోంది. ఎనిమిదో తరగతిలో ఇద్దరు పిల్లలు ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని వస్తున్నారు.

సోమవారం గ్రీవెన్స్‌లో రెండుసార్లు అర్జీ పెట్టాను. రెండుసార్లూ “మీ ఫిర్యాదు పరిష్కరించబడింది” అని మెసేజ్ వచ్చింది. రెండోసారి ఒక ఫొటో కూడా పెట్టారు. ఊడ్చిన వీధి ఫొటో అది. మా వీధి కాదు, డ్రైన్ గట్టూ కాదు.

ఇంట్లో మేం తడి చెత్త, పొడి చెత్త వేరుగానే ఇస్తాం. బండి వస్తుంది, రెండూ ఒకే తొట్టిలో పడతాయి. ఇక ఏం చేయాలో మీరే చెప్పండి.

గట్టుమీద | సోమవారం, రాత్రి 10:15

టీచర్ గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మున్సిపాలిటీనే అంటే ఎలా? మా వీధిలో బండి వచ్చి బెల్లు కొట్టినంతసేపూ ఎవరూ బయటికి రారు. అది వెళ్ళాక క్యారీ బ్యాగులో మూట కట్టి కాలవలోకి విసిరేస్తారు. పెళ్ళయితే ఆకులు, ప్లాస్టిక్ గ్లాసులు అన్నీ కల్యాణ మండపం వెనక కాలవలోకే. భోగి మంటల్లో టైర్లు వేసేది మనమే కదా. ముందు జనం మారాలి.

పెరటి_చెట్టు | సోమవారం, రాత్రి 10:32

జనం మారాలి, ఒప్పుకుంటున్నాను. మా పిల్లలకి రోజూ అదే చెప్తున్నాను. మొన్న ఒక పిల్ల లేచి “టీచర్, మేం వేరు చేసి ఇచ్చినా బండిలో కలిపేస్తున్నారు కదా, ఇంకెందుకు వేరు చేయడం?” అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రే ఇక్కడ రాయాలనిపించింది.

పాత_శానిటరీ | మంగళవారం, ఉదయం 6:05

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్ళు మున్సిపాలిటీల్లో పనిచేశాను. మేస్త్రీగా చేరి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. మీ విద్యార్థిని అడిగిన ప్రశ్న అసలైన ప్రశ్న. వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

చెత్త మూడు చోట్ల చేతులు మారుతుంది. ఇంటి గుమ్మం దగ్గర, తోపుడు బండ్ల నుంచి పెద్ద బండికి ఎక్కించే చోట, చివరికి చెత్తంతా చేరే యార్డులో. గుమ్మం దగ్గర ఏం జరుగుతోందో మీకు కనపడుతుంది. మిగతా రెండు చోట్లా ఊరివాళ్ళు చూడరు. పాడయ్యేదంతా అక్కడే.

పై అధికారి రోజూ మమ్మల్ని అడిగేది ఒకటే: “ఎత్తారా లేదా?” పొద్దున ఎనిమిది లోపల వీధులు ఖాళీగా కనపడాలి. ఎత్తింది ఎక్కడికి పోయింది, దాంట్లో ఎంత ఎరువైంది, ఎంత ప్లాస్టిక్ అమ్ముడైంది అని నా సర్వీసులో అడిగినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అడగనప్పుడు కింద మేస్త్రీ ఏం చేస్తాడు? దగ్గర్లో ఏ గట్టుంటే ఆ గట్టు మీద దింపేస్తాడు. డీజిల్ కలిసొస్తుంది, ట్రిప్పు కలిసొస్తుంది.

ఇంకొక సంగతి. చాలాచోట్ల చెత్త తోలడం కాంట్రాక్టు మీద నడుస్తోంది. కాంట్రాక్టరుకి టన్నుకింత అని లెక్క. మన ఊళ్ళలో చెత్త బరువులో సగం దాకా తడి చెత్తే ఉంటుంది. ఆ తడి చెత్త వీధిలోనే ఎరువైపోతే కాంట్రాక్టరు బిల్లు సగానికి పడిపోతుంది. టన్ను లెక్కన డబ్బులిచ్చినంత కాలం ఎవరైనా వేరు చేస్తారా? ఆలోచించండి. తడిసిన చెత్తకి బరువెక్కువ, మట్టి కలిస్తే ఇంకా ఎక్కువ. అందుకే యార్డులో వే బ్రిడ్జి (బండిని తూచే కాటా) స్లిప్పులు అడగండి. ఏ బండి, ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎంత బరువు. దొంగతనం ఉంటే ఆ కాగితాల్లోనే దొరుకుతుంది.

ఇది చేతకాని పని కూడా కాదు. 2003 ప్రాంతంలో సూర్యాపేట గురించి మా డిపార్ట్‌మెంట్ అంతా మాట్లాడుకునేవాళ్ళం. అప్పుడు ఎస్.ఎ. ఖాదర్ సాహెబ్ గారు అక్కడ కమిషనర్. వీధి చెత్తకుండీలే తీసేశారు. ఇంటింటికీ వెళ్ళి తడి, పొడి వేరుగా తీసుకున్నారు. తడి చెత్తతో వానపాముల ఎరువు చేశారు. పెద్ద ఊరు కాదు, డబ్బున్న ఊరూ కాదు. కమిషనర్ తెల్లవారుజామున వీధిలో ఉన్నాడు, అంతే తేడా. తేడా ఒక్క మనిషి మీద ఆధారపడితే ఆ మనిషి బదిలీ అయ్యాక ఏమవుతుందన్నదే నా దిగులు. అందుకే ఊరివాళ్ళు చూడాలంటున్నాను.

నల్లకోటు | మంగళవారం, ఉదయం 11:20

పాత_శానిటరీ గారు చెప్పిన కాగితాలు ఎలా సంపాదించాలో నేను చెప్తాను మేడమ్.

మామూలు అర్జీ వద్దు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మున్సిపాలిటీకైతే పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. చాలామంది జిరాక్సులు మాత్రమే అడుగుతారు. ఆ చట్టం సెక్షన్ 2(జె) చదవండి. రికార్డులు కళ్ళారా చూసే హక్కు, జరుగుతున్న పనిని వెళ్ళి తనిఖీ చేసే హక్కు, నమూనాలు తీసుకునే హక్కు అందులోనే ఉన్నాయి. అంటే మీరు యార్డుకెళ్ళి వే బ్రిడ్జి చూడొచ్చు, లాగ్ బుక్ చూడొచ్చు.

ఇవి అడగండి: గత ఆరు నెలల వే బ్రిడ్జి రిజిస్టరు, కాంట్రాక్టు ఒప్పందం నకలు, 2016 ఘన వ్యర్థాల నిబంధనల కింద మున్సిపాలిటీ ఏటా పంపిన వార్షిక నివేదిక, అంటే ఫారం 4. ఆ నివేదికలో రోజుకి ఎంత చెత్త వస్తోంది, ఎంత శుద్ధి చేస్తున్నాం, ఎంత డంపు చేస్తున్నాం అని వాళ్ళే రాసి సంతకం పెట్టి ఉండాలి. రిజిస్టరులో ఉన్నదీ నివేదికలో ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూడండి.

కాల్చడం గురించి: పర్యావరణ కార్యకర్త అల్మిత్రా పటేల్ వేసిన కేసులో 2016 డిసెంబరు 22న జాతీయ హరిత ట్రిబ్యునల్ బహిరంగంగా చెత్త కాల్చడాన్ని దేశమంతా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్ద ఎత్తున కాలిస్తే 25,000 రూపాయలు జరిమానా.

“నిధుల్లేవు” అంటారు, చూడండి. దానికి 1980లోనే సుప్రీంకోర్టు జవాబిచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో మురుగు భరించలేక వీధివాళ్ళు మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళారు. మున్సిపాలిటీ డబ్బుల్లేవంది. డబ్బుల్లేవన్న మాట ప్రజారోగ్య బాధ్యత నుంచి తప్పించదని జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ధర్మాసనం తేల్చింది. అప్పుడు వాడింది పాత నేర విచారణ చట్టం, అంటే సీఆర్‌పీసీ, సెక్షన్ 133. ఇప్పుడు అదే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 152. సబ్ కలెక్టరు లేదా ఆర్డీవో దగ్గరే వేయొచ్చు, హైకోర్టు దాకా పోనక్కర్లేదు. కానీ ముందు కాగితాలు చేతికి రావాలి.

కూకట్‌పల్లి_అపార్ట్‌మెంట్ | మంగళవారం, మధ్యాహ్నం 1:10

ఇంత కష్టమెందుకండీ? గుంటూరు దగ్గర, విశాఖ కాపులుప్పాడలో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంట్లు పెట్టారు కదా. మా హైదరాబాదులో జవహర్‌నగర్‌లో కూడా ఉంది. మీ ఊరి చెత్త కూడా అలాంటి చోటికి పంపేస్తే సరి.

పాత_శానిటరీ | మంగళవారం, సాయంత్రం 5:50

బాబూ, తడి కట్టెలు పొయ్యిలో పెడితే ఎలా మండుతాయో తడి చెత్త కూడా అంతే. అరటి డొప్పలు, అన్నం, కూరగాయల తుక్కు కలిసిన చెత్త మండాలంటే ముందు ఆరాలి. అది లేకుండా ప్లాంటు సరిగ్గా నడవదు. కాబట్టి ప్లాంటు పెట్టినా గుమ్మం దగ్గర వేరు చేయాల్సిందే. జవహర్‌నగర్ చుట్టుపక్కల ఉన్నవాళ్ళని అడగండి. 2020లో ప్లాంటు మొదలయ్యాక కూడా వాసన గురించి, బోరు నీళ్ళ గురించి వాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు. ఒక మహానగరం చెత్తంతా మోస్తున్న ఊరది.

మీ అపార్ట్‌మెంట్ రోజుకి వంద కిలోలు దాటి చెత్త తీస్తే, ఘన వ్యర్థాల నిబంధనల ప్రకారం మీరు బల్క్ జనరేటర్, అంటే పెద్ద ఎత్తున చెత్త తీసేవాళ్ళు. తడి చెత్త మీ ఆవరణలోనే చూసుకోవాలి. ఒకసారి మీ సొసైటీ మీటింగులో ఈ సంగతి ఎత్తండి.

తెల్లారగట్ల | మంగళవారం, రాత్రి 8:45

ఇక్కడ ఇంతమంది రాశారు, పని చేసేవాళ్ళ గురించి ఒక్కరూ రాయలేదు. అందుకే నేను రాస్తున్నాను.

మా అమ్మ పద్దెనిమిదేళ్ళుగా పారిశుద్ధ్య కార్మికురాలు, ఔట్‌సోర్సింగ్. తెల్లారగట్ల నాలుగున్నరకి వెళ్తుంది. “బండిలో కలిపేస్తున్నారు” అని అందరూ అంటారు. ఆమెకిచ్చిన తోపుడు బండిలో అర లేదు. రెండు డబ్బాలుండాలి. ఒకటి విరిగి రెండేళ్ళయింది. తన చీర ముక్కతో సంచి కుట్టుకుని, అందులో పొడి చెత్త వేసుకుని తెచ్చేది. పెద్ద బండి దగ్గరికొచ్చాక డ్రైవరు “ఎక్కడ పెట్టను? అంతా పోసెయ్” అనేవాడు. కొన్నాళ్ళకి సంచి కుట్టడం మానేసింది.

డైపర్లు, వాడేసిన ప్యాడ్లు, పగిలిన గాజు, ఇన్సులిన్ సూదులు అన్నీ ఒకే కవర్లో కట్టి ఇస్తారు. పోయిన సంవత్సరం అమ్మ అరచేతిలో సూది దిగింది. నెల రోజులు టెన్షన్‌తో నిద్రపోలేదు మేం. దేవుడి దయ వల్ల రిపోర్టు మంచిగానే వచ్చింది.

టీచర్ గారూ, మీరు కాగితాలు అడిగేటప్పుడు గ్లౌజులు ఎన్ని జతలు కొన్నారో, ఎవరికి ఇచ్చారో, సంతకాలతో సహా అడగండి. డబ్బాల రిపేరుకి ఎంత ఖర్చు రాశారో అడగండి. బతిమాలుకుంటున్నాను.

పెరటి_చెట్టు | మంగళవారం, రాత్రి 9:30

అమ్మాయీ, మీ పోస్టు మూడుసార్లు చదివాను. ఆ రెండు ప్రశ్నలూ దరఖాస్తులో మొదటివిగా పెట్టాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. సూదుల కోసం మా ఇంట్లో ఖాళీ ఫినాయిల్ డబ్బా పెట్టి పైన ఎర్ర టేపు వేశాను.

మాజీ_సర్పంచ్ | బుధవారం, ఉదయం 7:15

మాది తెలంగాణ, 2019 నుంచి ఐదేళ్ళు సర్పంచ్‌గా చేశాను. ఊరి సంగతి వేరే, పట్నం సంగతి వేరే అనుకోకండి.

2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం మా దగ్గర నాలుగు స్టాండింగ్ కమిటీలు. మొదటిది పారిశుద్ధ్యానిది. రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి. పల్లె ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమంలో ట్రాక్టరు, డంపింగ్ షెడ్డు, నర్సరీ వచ్చాయి. షెడ్డు కట్టడం పెద్ద పని కాదు. దాన్ని నడపడమే పని. మొదటి ఏడాది మా షెడ్డులో గేదెలు పడుకున్నాయి. తర్వాత మహిళా సంఘం వాళ్ళకి ఒక పని అప్పజెప్పాం. ప్రతి శనివారం షెడ్డుకి వచ్చి ఎన్ని సంచుల ఎరువు, ఎన్ని కిలోల ప్లాస్టిక్ ఉందో పలక మీద రాయాలి. ఆ పలక పంచాయతీ ఆఫీసు గోడకి తగిలించాం. పలక మీద సున్నా కనపడితే ఊరంతా అడుగుతారు. నన్నూ అడిగారు. ఆ అడగడం వల్లే షెడ్డు నడిచింది.

ఇంకో మాట. 2024 ఫిబ్రవరిలో మా పదవీకాలం అయిపోయి స్పెషల్ ఆఫీసర్లు వచ్చారు. ఎన్నికైన పాలకవర్గం లేదని కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగాయి. ట్రాక్టరు డీజిల్‌కి కార్యదర్శులు సొంత జేబులోంచి పెట్టుకున్న ఊళ్ళున్నాయి. పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం పారిశుద్ధ్యానికి, తాగునీటికే వాడాలని ముడిపెట్టింది. ఆ డబ్బు వచ్చిందా, దేనికి వాడారు అని అడిగే హక్కు ప్రతి ఓటరుకీ ఉంది.

గట్టుమీద | బుధవారం, ఉదయం 9:00

తెల్లారగట్ల గారి పోస్టు చదివాక మొన్న నేను రాసింది సగమే నిజమని తెలిసింది. జనం తప్పు ఉంది, కానీ బండిలో అర లేకపోవడం జనం తప్పు కాదు. మా వీధి తరఫున నేనూ దరఖాస్తు పెడతాను. ఆంధ్రలో చెత్త పన్ను 2024లో ఎత్తేశారని సంతోషించాం. ఇప్పుడు ఆ ఖర్చు ఏ పద్దు నుంచి పెడుతున్నారో కూడా అడుగుతాను. పన్ను పోయింది కాబట్టి పని కూడా పోయిందంటే ఒప్పుకోకూడదు.

అటపాక_పక్షి | బుధవారం, రాత్రి 8:20

టీచర్ గారూ, మీ డ్రైన్ అవతలి చివర నేనుంటాను. కైకలూరు దగ్గర. అటపాకలో గూడబాతులు గూళ్ళు పెట్టే కాలంలో వారానికోసారి వెళ్తాను.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. చేపల చెరువుల గట్లు, అభయారణ్యం హద్దైన ఐదో కాంటూరు, 2006లో గట్లు కొట్టేయడం, ఇవన్నీ అందరూ మాట్లాడతారు. పై ఊళ్ళ నుంచి డ్రైన్లు మోసుకొచ్చే దాని గురించి తక్కువ మాట్లాడతారు. మొదటి వాన తర్వాత నీళ్ళ మీద థర్మాకోల్ ముక్కలు, పాల ప్యాకెట్లు, షాంపూ సాచెట్లు చాపలా పరుచుకుని వస్తాయి. గుర్రపు డెక్కకి చిక్కుకుని అక్కడే ఉండిపోతాయి. సముద్రంలోకి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి, అది కూడా పూడుకుపోయి ఉంది. ఒకసారి వచ్చిన ప్లాస్టిక్ ఇక పోదు.

చెత్త మీ ఊరి కౌన్సిల్‌ది, కొల్లేరు అటవీ శాఖది, డ్రైన్ ఇరిగేషన్ శాఖది. ముగ్గురిలో ఎవరిని అడిగినా మిగతా ఇద్దరి పేరు చెప్తారు. అందుకే పాత_శానిటరీ గారు చెప్పినట్టు చెత్త మొదట బండెక్కే చోటే పట్టుకోవాలి. డ్రైన్లోకి దిగాక దానికి యజమాని ఉండడు.

స్టుట్‌గార్ట్_నుంచి | బుధవారం, రాత్రి 11:50

నేను జర్మనీలో చదువుకుంటున్నాను. ఇక్కడ వాడి పారేసే ప్లాస్టిక్ సీసా మీద 25 సెంట్లు డిపాజిట్ తీసుకుంటారు. సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కి ఇస్తారు. వీధిలో సీసా కనపడితే ఎవరో ఒకరు ఏరుకుంటారు. మన దగ్గర గాజు సోడా సీసాకి ఇదే పద్ధతి ఉండేదని మా తాతయ్య చెప్పారు. షాపులో డిపాజిట్ కట్టి, ఖాళీ సీసా తిరిగిచ్చేవారట.

పెరటి_చెట్టు | ఐదు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 6:30

ఇన్ని రోజులు రాయనందుకు క్షమించండి. జరిగింది జరిగినట్టు చెప్తాను.

దరఖాస్తు పెట్టిన ఇరవై ఎనిమిదో రోజున రికార్డులు చూడ్డానికి రమ్మని ఉత్తరం వచ్చింది. నేను, మా లెక్కల మాస్టారు, గట్టుమీద గారు వెళ్ళాం. కూర్చోమని కుర్చీలేశారు, టీ ఇచ్చారు. మర్యాదగానే మాట్లాడారు, అది చెప్పాలి.

వే బ్రిడ్జి చెడిపోయి ఏడు నెలలు. రిజిస్టరు మాత్రం ఏ రోజూ ఖాళీగా లేదు. రోజూ అదే బరువు, అదే చేతిరాత, ఆదివారాలు కూడా. సంక్రాంతి మూడు రోజుల్లో చెత్త పెరగాలి కదా, పెరగలేదు. మా లెక్కల మాస్టారు ఆ పేజీల మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయారు. వార్షిక నివేదికలో “శుద్ధి చేసినది” అన్న చోట ఒక అంకె ఉంది. శుద్ధి చేసే షెడ్డు ఎక్కడుందని అడిగితే, ప్రతిపాదనలో ఉందన్నారు. గ్లౌజుల రిజిస్టరు ఉంది, సంతకాల గడి ఖాళీ.

కోపం వచ్చింది. అయినా ఏం అనలేదు. నకళ్ళు తీసుకుని మా వార్డు కౌన్సిలరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ చదువుకున్నది ఏడో తరగతి. ఒక్కో పేజీ మాతో చదివించుకుంది. నెలవారీ కౌన్సిల్ సమావేశంలో రిజిస్టరు నకలు పైకెత్తి “సంక్రాంతికి మన ఊళ్ళో ఎవరూ పిండివంటలు చేసుకోలేదా?” అని అడిగిందట. హాలంతా నిశ్శబ్దమైపోయిందని చెప్పింది.

పాత_శానిటరీ | శనివారం, సాయంత్రం 7:10

అమ్మా, కళ్ళు చెమర్చాయి. తర్వాత ఏమైంది?

పెరటి_చెట్టు | శనివారం, సాయంత్రం 7:45

అంతా అయిపోలేదు బాబాయ్ గారూ. వే బ్రిడ్జి బాగుచేయించారు. కూరగాయల మార్కెట్ తుక్కుని విడిగా తోలి, రైతుబజారు వెనక గుంతల్లో ఎరువు వేస్తున్నారు. మా వార్డుకీ పక్క వార్డుకీ అరలున్న బండ్లు నాలుగు వచ్చాయి. డ్రైన్‌కి అడ్డంగా ఇనప వల కట్టారు. మొదటి వానకే నిండిపోయింది, తీసేవాళ్ళకి ప్రొక్లెయిన్ (తవ్వే యంత్రం) కావాలట.

గట్టు మీద గుట్ట అలాగే ఉంది. దాన్ని తవ్వి జల్లెడ పట్టడానికి టెండరు పిలుస్తారట. అందులో ఏం చూసుకోవాలో చెప్పండి.

పాత_శానిటరీ | శనివారం, రాత్రి 8:30

దాన్ని బయోమైనింగ్ అంటారు. గుట్టని తవ్వి వరుసలుగా పేర్చి, బయో కల్చర్ (చెత్తని కుళ్ళబెట్టే సూక్ష్మజీవుల ద్రావణం) చల్లి, వారం వారం తిరగేస్తారు. ఆరాక ట్రోమెల్ అనే తిరిగే జల్లెడలో వేస్తారు. మట్టి కింద పడుతుంది. ప్లాస్టిక్, గుడ్డలు సిమెంటు ఫ్యాక్టరీకి పోవాలి. రాళ్ళు, పెంకులు పల్లం పూడ్చడానికి పనికొస్తాయి. ఇందులో కూడా టన్ను లెక్కే. గుట్టని రాత్రిపూట పక్కూరి పోరంబోకులో పోసి బిల్లు పెట్టుకునేవాళ్ళున్నారు. అందుకే పని మొదలవక ముందే గుట్ట పొడవు, వెడల్పు, ఎత్తు కొలిపించి పంచనామా రాయించండి. కొలిచేటప్పుడు మీ లెక్కల మాస్టారిని నిలబెట్టండి. సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇచ్చిన రసీదు లేకుండా ప్లాస్టిక్ బిల్లు చెల్లించకూడదని ఒప్పందంలో రాయించండి.

తెల్లారగట్ల | శనివారం, రాత్రి 9:15

మా ఊళ్ళో నేనూ దరఖాస్తు పెట్టాను. అమ్మ భయపడింది, పని తీసేస్తారేమోనని. అందుకే నా పేరు మీద కాకుండా మా వీధి అంగన్‌వాడీ అక్క పేరు మీద పెట్టాం. నిన్న అమ్మకి కొత్త గ్లౌజులిచ్చారు. సంతకం కూడా పెట్టించుకున్నారట. పద్దెనిమిదేళ్ళలో ఇదే మొదటి సంతకం.

పెరటి_చెట్టు | శనివారం, రాత్రి 9:50

మాజీ_సర్పంచ్ గారూ, మీ పలక ఆలోచన తీసుకున్నాం. మున్సిపల్ ఆఫీసు గేటు పక్కన నల్లబోర్డు పెట్టించాం. నిన్నటి తడి చెత్త ఎంత, పొడి చెత్త ఎంత, ఎక్కడికి పోయింది అని రోజూ రాయాలి. సోమవారం రాశారు. మంగళవారం, బుధవారం రాశారు. గురువారం నుంచి బోర్డు ఖాళీగా ఉంది.

ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికి మా ఎనిమిదో తరగతి పిల్లలు, నేను ఆ బోర్డు దగ్గర ఉంటాం. సుద్దముక్కలు మేమే తెస్తున్నాం. దగ్గర ఊళ్ళలో ఉన్నవాళ్ళు రాగలిగితే రండి.

అటపాక_పక్షి | శనివారం, రాత్రి 10:05

తొలి బస్సుకే బయల్దేరుతున్నాను. ఈ వానకి కొల్లేట్లో తీసిన ఫొటోలు తెస్తాను. పిల్లలకి చూపిద్దాం.